నీటిచెవి

పదమూడేళ్లలో బంగారి పిలిస్తే రాకపోవడం అదే మొదటిసారి.

భీమిలి వెళ్లే దారిలో సముద్రాన్ని ఆనుకుని ఒక మత్స్యశాల ఉంది. దాని నడిమి గదిలో రెండంతస్తుల ఎత్తు గాజుతొట్టి. ఆ తొట్టిలో ఉండేది బంగారి అనే పండుగప్ప చేప. మూతి నుంచి తోక దాకా నాలుగున్నర అడుగులు. దీపం వెలుగు మీద పడితే దాని కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు దాన్ని తెచ్చి పెంచినవాడు మైలపల్లి పరదేశి. మొదట్లో దాని పేరు బంగారయ్య. పండుగప్పలన్నీ మగవిగా పెరిగి, బాగా ఒళ్లు చేశాక ఆడవైపోతాయని చెల్లెలు చెప్పినప్పుడు పరదేశి రెండురోజులు ఆలోచించి, "అయితే ఈపాటికి ఇది బంగారే అయ్యుంటాది" అని పేరు మార్చేశాడు.

రోజూ పదకొండు గంటలకు అతను తొట్టి మీద అడ్డంగా కట్టిన చెక్క వంతెన ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో నీళ్లను మూడుసార్లు చరిచేవాడు. బంగారి అడుగు నుంచి నిదానంగా లేచి వచ్చి అతని చేతిని మణికట్టు దాకా నోట్లోకి తీసుకునేది. వేళ్ల మధ్య ఉన్న చేపముక్కను మాత్రం లాక్కుని చేతిని వదిలేసేది. గాజు అవతల నిలబడ్డ బడిపిల్లలు కెవ్వుమనేవారు.

ఆ సోమవారం పరదేశి మూడుసార్లు చరిచాడు. మళ్లీ చరిచాడు. బంగారి తొట్టి అడుగున ఉన్న పాత పడవ చట్రం కిందికి దూరిపోయింది. తోక కొస మాత్రం బయటికి కనబడుతోంది.

"ఈరోజు బంగారికి సిగ్గేస్తున్నట్టుంది!" అంది మైకులో వివరాలు చెప్పే అమ్మాయి. పిల్లలు నవ్వారు. పరదేశి నవ్వలేదు. చేతిలో ముక్క పట్టుకుని అరగంట అలాగే కూర్చున్నాడు.

ఆ తొట్టి వెనకనే ప్రయోగశాల. అందులో పనిచేసే డాక్టర్ కనకమహాలక్ష్మి పరదేశికి చెల్లెలు. వాళ్ల అయ్య సముద్రంలోకి వెళ్లి తిరిగి రానప్పుడు పరదేశికి పదిహేడేళ్లు, కనకానికి ఆరు. తల్లి అప్పటికే లేదు. వేటకెళ్లి, వలలు లాగి, ఆమెను చదివించింది అతనే. ఇప్పుడిద్దరూ ఒకే భవనంలో పనిచేస్తున్నారు. నలుగురిలో ఉన్నప్పుడు పరదేశి ఆమెను "మేడమ్" అనేవాడు. ఎవరూ లేనప్పుడు "కనకా" అనేవాడు.

చిన్నప్పుడు అతను ఆమెను తెప్ప మీద తీసుకెళ్లి, తెడ్డును నీళ్లలో నిలువుగా దించి, పైకొసకు చెవి ఆనించమనేవాడు. "ఇను. గొరక సేపలు కూత్తన్నాయి" అనేవాడు. నిజంగానే నీళ్ల అడుగున ఎక్కడో కప్పలు బెకబెకమన్నట్టు వినబడేది. పాతికేళ్ల తర్వాత కనకం కనిపెట్టిన యంత్రానికి మూలం ఆ తెడ్డే. చేపకు రెండు పక్కలా, మొప్ప నుంచి తోక దాకా ఒక సన్నని గీత ఉంటుంది. నీటిలో ఏది కదిలినా చేప ఆ గీతతో, ఒంటితో వింటుంది. కనకం ఆ గీతకు నకలు తయారుచేసింది. మూరెడు పొడవున్న మెత్తని పట్టీ, దాని నిండా కంటికి ఆనని వెంట్రుకలు. నీళ్లలో వేలాడదీస్తే, చేపకు తెలిసేదంతా దానికీ తెలుస్తుంది. ఏ కదలికకు చేప దగ్గరికొచ్చింది, దేనికి దూరంగా పోయింది అన్నది కెమెరాలో చూసి కంప్యూటరు జతచేస్తుంది. దానికి నీటిచెవి అని పేరు పెట్టింది.

కానీ వెంటనే ఎవరికీ నీటిచెవి గుర్తు రాలేదు. పెద్ద చేప ఉన్నట్టుండి దాక్కుందంటే ముందు చూడాల్సింది నీళ్లు. నీళ్లు చూశారు. ఉప్పు సరిగ్గానే ఉంది, వేడి సరిగ్గానే ఉంది, విషవాయువులేమీ లేవు. వలతో పట్టి మొప్పలు తెరిచి చూశారు, మొప్ప పక్కన ఒక గీరుడు తప్ప పురుగు లేదు. గాజు మీద తన నీడే తనకు శత్రువులా కనబడుతోందేమోనని దీపాలు మార్చారు. కొత్తగా వదిలిన టేకు చేపను తీసేశారు. నీళ్లు తోడే మోటారు గరగరమంటోందని దాన్నీ మార్చారు. మూడు వారాలు గడిచాయి. బంగారి అప్పుడప్పుడూ బయట తిరుగుతూనే ఉంది. పదకొండయ్యేసరికి మాత్రం చట్రం కిందికి పోతోంది.

ఒకరోజు పరదేశి సెలవు పెట్టాడు. కనకం వంతెన ఎక్కి అతనిలాగే మూడుసార్లు చరిచింది. బంగారి నేరుగా లేచి వచ్చి ఆమె చేతిలో ముక్క తీసుకుంది.

ఆ సంగతి ఆమె అన్నకు చెప్పలేదు. మర్నాడు తొట్టిలో నీటిచెవిని దించింది.

నెల తిరిగాక లెక్క తేలింది. బంగారి పారిపోయిన ప్రతిసారీ వంతెన మీద ఉన్నది ఒకే మనిషి. ముప్ఫై ఒక్కసార్లు పరదేశి వంతెన ఎక్కితే, ఇరవై తొమ్మిదిసార్లు అది దాక్కుంది. మిగతావాళ్లు ఎవరెక్కినా కదలలేదు.

"చేప ఊరికే భయపడదు కదమ్మా," అన్నాడు డైరెక్టరు పద్మనాభం. చెడ్డవాడు కాదు. ఎటువైపూ మాట పడకూడదనుకునే మనిషి. "మొప్ప పక్కన గీరుకుపోయిన గాయం కూడా ఉందని మీరే రాశారు. మీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. కానీ నివేదిక రాయాల్సింది మీరే."

ఆ ఆదివారం మధ్యాహ్నం కనకం జాలరిపేటలో అన్న ఇంటికి భోజనానికి వెళ్లింది. వదిన దానమ్మ నెత్తళ్ల పులుసు పెట్టింది. కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వస్తున్న పరదేశికి ఎడమకాలి చెప్పు గడప దగ్గర జారిపోయింది. వెనక్కి తిరిగి దాన్ని తొడుక్కోవడానికి గోడ పట్టుకున్నాడు. పీట మీద కూర్చుని నీళ్ల గ్లాసు అందుకోబోతే అది చేతిలోంచి జారి దొర్లింది. కనకం అదంతా చూసింది. ఆమె మనసులో ఒక్క అనుమానమే మెదిలింది.

"అన్నియ్యా, ఒక మాటడుగుతాను. తిట్టకు."

"నిన్నెప్పుడు తిట్టినానే?"

"బంగారిని ఏమైనా చేశావా? కోపంలోనో... తాగిన మత్తులోనో?"

దానమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "తాగడమేటి కనకా? పెళ్లైన కాడ్నించి మీ అన్న నోట సుక్క ఎయ్యనేదు."

పరదేశి దొర్లిన గ్లాసును తీసి నిలబెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మిషను సెప్పిందా?"

"ముప్ఫై ఒక్కసార్లలో ఇరవై తొమ్మిదిసార్లు నిన్ను చూసి పారిపోయింది. ఇంకెవరు వెళ్లినా పారిపోవడం లేదు."

"నీ దగ్గిరికి వొచ్చిందా?"

కనకం తల ఊపింది.

"సేతిలోది తిన్నాదా?"

"తింది."

అతను కంచంలోకి చూశాడు. "మరి అబద్దమాడదు గదా, నువ్వు సేసిన మిషను."

"కారణం ఏదో ఉండాలి కదా అన్నియ్యా. అదే అడుగుతున్నాను."

"ఉంటాది." పరదేశి సగం అన్నం కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఆ ఇంట్లో అతను అన్నం వదలడం కనకం ఎన్నడూ చూడలేదు. లోపలికి వెళ్లి, వంతెన గేటు తాళంచెవి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "ఆల్లడక్కముందే నువ్వే తీసుకెల్లిపో. రేపు ఆల్లందరి ముందూ ఇయ్యలేను."

సోమవారం కనకం నివేదిక మీద సంతకం పెట్టింది. సొంత అన్న కాబట్టి అంకెలు దాచిందని ఎవరూ అనకూడదనుకుంది. 'భయానికి మూలం: సంరక్షకుడు ఎం. పరదేశి' అని తన చేత్తోనే రాసింది. పరదేశిని తొట్టి దగ్గర్నుంచి తప్పించి, ముందు గేటు దగ్గర సందర్శకుల సంచులు దాచే గదిలో వేశారు. అక్కడ అతను సంచి తీసుకుని నంబరు బిళ్ల ఇవ్వాలి. బిళ్లలు మాటిమాటికీ చేతిలోంచి జారిపోయేవి. కింద వెతుక్కుంటుంటే వరసలో నిలబడ్డవాళ్లు విసుక్కునేవారు. కనకం పొద్దున్నే ఆ గది ముందునుంచే లోపలికి వెళ్లాలి. అతను లేచి నిలబడి "నమస్తే మేడమ్" అనేవాడు. చుట్టూ ఎవరూ లేకపోయినా.

ఇరవై రోజులు అలా గడిచాయి.

ఒక మధ్యాహ్నం పత్రికకు పంపాల్సిన వ్యాసం రాస్తూ కనకం నీటిచెవి రికార్డులు ముందేసుకుంది. ఇన్నాళ్లూ తాను ఆ యంత్రాన్ని 'ఎవరు' అని మాత్రమే అడిగిందని అప్పుడు తట్టింది. 'ఏమిటి' అని అడగలేదు. పరదేశి వచ్చినప్పుడు నీళ్లలో చేపకు అసలేం తెలిసింది?

ఆ కదలికలను చప్పుడుగా మార్చి చెవులకు పెట్టుకుంది. ముందు తన చెయ్యి విన్నది. నీళ్లను చరిచిన మూడు దెబ్బలు, ఆ తర్వాత ఒకే ఒక సాఫీ అల. పద్మనాభం చెయ్యి, ఊడ్చే అమ్మాయి చెయ్యి, అన్నీ అంతే. తర్వాత పరదేశిది. మూడు దెబ్బలు. అల. ఆ అల అడుగున సన్నగా, ఎడతెరిపి లేకుండా, మూకుట్లో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఇంకేదో.

యంత్రం పాడైందనుకుంది. రెండేళ్ల కిందట నీటిచెవిని మొదటిసారి పరీక్షించిన రోజున కూడా నీళ్లలో చెయ్యి పెట్టింది అన్నే. ఆ రికార్డు వెతికి పెట్టింది. అందులో ఆవాల చప్పుడు లేదు. నున్నటి అల.

ఆ చిటపట ఆమె ఎక్కడో విన్నదే. పాతవన్నీ తిరగేస్తే దొరికింది. పెద్ద చేప మీదికొచ్చినప్పుడు నెత్తళ్ల గుంపు బెదిరి చెల్లాచెదురయ్యే కదలిక అది. నీళ్లలో బతికే ఏ జీవికైనా దాని అర్థం ఒకటే. ఏదో వేటాడుతోంది, దాక్కో. బంగారి పరదేశికి భయపడలేదు. అతని చేతిలో ఉన్నదానికి భయపడింది. మొప్ప పక్కన గాయం కూడా చట్రం కిందికి దూరేటప్పుడు గీరుకున్నదే.

కనకం గేటు దగ్గరికి పరుగున వెళ్లి అన్నను పిలుచుకొచ్చింది. గాజు గిన్నెలో నీళ్లు పోసి ముందు పెట్టింది.

"ఇందులో చెయ్యి పెట్టు. కదపకు."

పెట్టాడు.

"కదపకు అన్నియ్యా."

"కదపడం నేదే."

ఆమె వంగి చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట చిన్న గుంట పడి ఉంది. ఆ గుంటలో చర్మం కింద ఏదో టపటపమని ఎగురుతోంది. ఆగి, మళ్లీ ఎగురుతోంది.

"ఇది ఎన్నాళ్లనుంచి?"

"ఏమో. నాలుగైదు నెల్లు. నొప్పి నేదు గదా అని వొగ్గీసినాను." ఆమె ముఖం చూసి, "ఏటే? ఏటయిందే?" అన్నాడు.

విశాఖపట్నంలో నరాల వైద్యుడు సూదులు గుచ్చి పరీక్ష చేశాడు. రెండోసారీ చేశాడు. కనకాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కండలను ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయని, ముందు చేతులు, కాళ్లు, తర్వాత మాట, మింగడం, చివరికి ఊపిరి పోతాయని, మందు లేదని, రెండు మూడేళ్లని చెప్పాడు. చెప్పి, ఉండబట్టలేక అడిగాడు.

"ఇంత తొందరగా ఎలా పట్టుకున్నారండీ? మా దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా ఏడాది దాటిపోతుంది."

"ఒక చేప పట్టుకుంది" అంది కనకం. పరీక్ష కాగితాలు తీసుకుని లేచింది.

ఇద్దరూ బస్సులో భీమిలి వచ్చి, ఒడ్డున పడవల మధ్య ఇసకలో కూర్చున్నారు. ఎండ ఇంకా తగ్గలేదు. ఆమె మొత్తం చెప్పింది. ఆవాల చప్పుడు, నెత్తళ్లు, గుంట, డాక్టరు మాట. ఏదీ దాచలేదు. పరదేశి మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక గుప్పెడు ఇసక తీసుకుని వదిలేశాడు.

"అయితే," అన్నాడు చివరికి, "బంగారికి నా మీద కోపం నేదన్నమాట."

"లేదు అన్నియ్యా."

"నానేటీ సెయ్యనేదన్నమాట దాన్ని."

"నువ్వేం చెయ్యలేదు."

అతను రెండు అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని ఆమె దగ్గరికి జరిగింది. అతను చేతులు తీశాక చూస్తే, ఆ ముఖంలో ఉన్నది ఏడుపు కాదు. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు దించినవాడి ముఖం అది. "రాత్రీ పగలూ అదే ఆలోసించినానే. తెలీకుండా ఎప్పుడైనా గాయం సేసినానా, పెట్టకూడనిదేదైనా పెట్టినానా అని. నిజంగా నానే ఏదో సేసుంటాననే అనుకున్నాను."

కనకం అతని కాళ్ల మీద పడిపోయింది. "నన్ను క్షమించు అన్నియ్యా. ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనే."

"కాయితం సంగతి వొగ్గీ. కాయితం నీ ఉద్దోగం." అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ వేళ్లు ఎగురుతున్నాయి. "ఆ దినం అన్నం దగ్గిర అడిగినావు సూడు, తాగినావా అని. అదొక్కటే... అదొక్కటీ అడక్కుండా ఉండాల్సింది."

ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పద్మనాభం తానే జాలరిపేటకు వచ్చి, నివేదిక చించేశామని, మళ్లీ తొట్టి దగ్గరికి రమ్మని చెప్పాడు. పరదేశి వెళ్లాడు. చరిచాడు. బంగారి చట్రం కిందికి పోయింది. కారణం తెలిసినంత మాత్రాన చేప మారదు కదా. కనకం మెత్తటి చేతితొడుగు తెచ్చింది. వంతెన మీద స్పంజి పరిచింది. పొడుగాటి కర్రకు ముక్క కట్టి ఇచ్చింది. ఎగురుడు కర్ర గుండా కూడా నీళ్లలోకి దిగుతోంది.

"సాలే," అన్నాడు పరదేశి ఒకరోజు. "దాక్కోడం దానికి సముద్రం నేర్పిన బుద్ది. నాకోసం దాని బుర్ర పాడుసెయ్యకు. నువ్వు నేర్సుకో దానికి పెట్టడం. ముక్క వేళ్ల కొసన పట్టుకోకు, లోపలికంటా పట్టు. అది నోరు ఇప్పినప్పుడు సెయ్యి ఎనక్కి లాగితే నమ్మకం పోతాది."

అన్నీ నేర్పి, వంతెన ఎక్కడం మానేశాడు. గాజు అవతల, సందర్శకుల వెనక, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని దూరంనుంచి చూసేవాడు. ఏడాది తిరిగేసరికి అక్కడికి నడిచి రావడం కూడా కష్టమైంది. ఇంట్లోనే ఉండిపోయాడు. దానమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది.

ఆ ఏడాదిలోనే నీటిచెవి పేరు దేశమంతా పాకింది. సూదులు అక్కర్లేదు, గిన్నెడు నీళ్లలో చెయ్యి పెడితే చాలని డాక్టర్లు కనకం దగ్గరికి వచ్చారు. ఆరువందల మంది చేతులు పెట్టారు. ఏడుగురి చేతుల్లో ఆవాలు చిటపటలాడాయి. ఆ ఏడుగురికీ ఏ జబ్బూ ఉన్నట్టు పైకి తెలియదు. వాళ్లలో ముప్ఫై నాలుగేళ్ల టీచరు ఒకామె ఫలితం విన్నాక నేరుగా కనకం గదికి వచ్చింది. "మందు లేదంటున్నారు కదా. మరి ఈ సంగతి నాకు ఇప్పుడే ఎందుకు చెప్పారు? నా బిడ్డకు వచ్చే నెల మొదటి పుట్టినరోజు. అది దాటేదాకా నన్ను నాలాగే ఉండనివ్వలేకపోయారా?" అని అడిగింది. కనకం కుర్చీ చూపించింది. టీచరు కూర్చోకుండానే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కనకం అన్న ఇంటికి వెళ్లి అదే అడిగింది. "తెలియకపోతే బాగుండేదా అన్నియ్యా?"

అప్పటికి పరదేశి మాట ముద్దగా మారింది. తీరిగ్గా వింటే గాని అర్థం కాదు. "తెలీకపోతే... దొంగోడి నాగ బతికీవోణ్ణి. అందరూ... నా సేతికేసే సూసీవోరు."

దానమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరగకుండానే అంది. "తెలీకపోతే ఇంకో యేడాది నవ్వీవోళ్లం. ఆ టీచరమ్మ సెప్పింది నిజమే."

ఇద్దరి మాటా నిజమేనని కనకానికి అనిపించింది. ఆ తర్వాత ఎవరైనా గిన్నెలో చెయ్యి పెట్టే ముందు, తెలుసుకోవాలని ఉందో లేదో రెండుసార్లు అడిగేది. లేదన్నవాళ్లను చెయ్యి తడవకుండానే పంపేసేది. డాక్టర్లకు అది నచ్చలేదు.

రెండో ఏడు గడిచింది. పరదేశి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. చేతులు ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉండేవి. ఒకనాడు దానమ్మ వీధి కొళాయికి వెళ్లినప్పుడు అతను కళ్లతో చెల్లెల్ని దగ్గరికి పిలిచాడు. ఆమె చెవి అతని నోటి దగ్గర పెట్టింది.

"ఇప్పుడు... ఎగరడం... నేదు."

ఆమెకు అర్థం కాలేదు.

"సెయ్యి. సూడు."

ఆమె అతని కుడిచెయ్యి తీసి వెలుతురులో పెట్టి చూసింది. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. చర్మం కింద ఏదీ కదలడం లేదు. ఎగరడానికి అక్కడ కండ లేదు.

"ఇప్పుడైతే... వొస్తది," అన్నాడు పరదేశి.

నీటిచెవిని కనిపెట్టిన మనిషికి ఆ ఆలోచన రాలేదు. అతనికి వచ్చింది. ఎన్నాళ్లనుంచి ఆ చేతిని కనిపెట్టుకుని కూర్చున్నాడో, అది నిశ్చలమయ్యేదాకా ఎలా ఎదురుచూశాడో ఆమె అడగలేదు. అతను మళ్లీ అన్నాడు. "ఎందుకొస్తదో... మీ వొదిన్తో... సెప్పకు."

మంగళవారం మత్స్యశాలకు సెలవు. ఆరోజు పద్మనాభం, ఇద్దరు పనివాళ్లు కలిసి కుర్చీని వంతెన మీదికి ఎత్తారు. దానమ్మ వెనక నిలబడి భర్త తల వాలిపోకుండా పట్టుకుంది. కనకం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అతని వేళ్ల మధ్య చేపముక్కను లోపలికంటా పెట్టి, మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించి, ఆ చేతిని మెల్లగా నీళ్లలోకి దించింది. రెండో చేత్తో నీళ్ల మీద మూడుసార్లు చరిచింది.

అడుగున, పడవ చట్రం పక్కన, రెండు ఎర్రటి కళ్లు ఇటు తిరిగాయి.

బంగారి తొందరపడలేదు. ఒక చుట్టు చుట్టింది. చేతికి జానెడు దూరంలో ఆగి, మొప్పలు ఆడిస్తూ అలాగే నిలబడింది. తర్వాత నోరు తెరిచి పరదేశి చేతిని మణికట్టు దాకా తీసుకుంది.

"గుర్తుపట్టింది!" అంది దానమ్మ. "మావా, గుర్తుపట్టిందయ్యా నిన్ను! రెండేళ్లైనా మరిసిపోనేదు సూడు!" పద్మనాభం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పనివాళ్లు చప్పట్లు కొట్టబోతే వద్దని సైగ చేశాడు.

ఆ చెయ్యి ఎందుకు నిశ్చలమైందో కనకం ఎవరికీ చెప్పలేదు. అన్న ముఖంలోకి చూసింది. ఆ జబ్బు కదలికలన్నీ తీసేస్తుంది గాని స్పర్శను తీసెయ్యదు. అతని పెదవులు కదులుతున్నాయి. ఆమె వంగి వింది.

"గరుగ్గా... ఉంది," అన్నాడు. "ఉప్పుకాయితం నాగ. అలాగే... ఉంది."

ముక్క ఎప్పుడో అయిపోయింది. అయినా బంగారి చేతిని వదల్లేదు. అతని కళ్లు మూసుకుపోయాయి, వాటి కొసల నుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి. తుడుచుకునే చెయ్యి అతనికి లేదు. కనకానికి ఏడుపు ఎగదన్నుకొచ్చింది. భుజం అదరబోయింది. అతని మోచేతిని మోస్తున్నది తన చెయ్యే. అది ఇసుమంత వణికినా నీళ్లలోకి దిగుతుంది. చేప వెళ్లిపోతుంది.

ఆమె పళ్లు బిగబట్టింది. ఊపిరి ఆపుకుంది. అతను చాలనేదాకా ఆ చెయ్యి కదలకూడదని, రాయిలా, అలాగే కూర్చుంది.